తాళం హన్మకొండలో, చెవి డాలస్‌లో

కొత్త ఐఫోన్ తాళం తెరుచుకుంటదా, తెరుచుకోదా అన్న అంశం మీద హన్మకొండ నిట్టనిలువునా చీలిపోయింది. 2016లో ఉమ్మడి వరంగల్ జిల్లాను ముక్కలు చేసినప్పుడు కూడా ఇంత చీలిక రాలేదు. తెరుచుకుంటదనే వర్గం నయీంనగర్‌లో ఒక మొబైల్ దుకాణం ముందరి బెంచీ మీద స్థిరపడింది. తెరుచుకోదనే వర్గం పక్కనున్న చాయ్ డబ్బా దగ్గర మోహరించింది. మధ్యలో సరిహద్దుగా ఒక మోరీ ఉంది. రెండు పక్షాలకూ చాయ్ ఒక్క డబ్బా నుంచే వస్తుంది కాబట్టి పరిస్థితి ప్రస్తుతానికి అదుపులోనే ఉంది.

ఈ చారిత్రక వివాదానికి మూలపురుషుడు కరెంటాఫీసులో చేసి రిటైరైన ఒక పెద్దమనిషి. కొడుకు డాలస్‌లో ఉంటాడు. 2025 సెప్టెంబరులో వచ్చిన ఐఫోన్ 17 ప్రో, నారింజ రంగుది, సద్దుల బతుకమ్మ నాటికల్లా ఎవరో చుట్టాల చేతికిచ్చి పంపాడు. పెద్దాయన పెట్టెకు పసుపు కుంకుమ పెట్టి, వాడకట్టంతా చూసేలా అరుగు మీద కూర్చుని విప్పాడు. “ఫ్రీగ వచ్చిందట, ఆడ నెట్‌వర్క్ కంపెనోళ్లే ఇచ్చిండ్రట” అని అడగనివాళ్లకు కూడా చెప్పాడు. ఈ ‘ఫ్రీ’ సంగతి కాస్త గుర్తు పెట్టుకోండి, మళ్లీ పని పడుతుంది.

తర్వాత పాత ఫోన్‌లోంచి సిమ్ము తీసి కొత్తదాంట్లో వేయించుకుందామని దుకాణానికి వచ్చాడు. అక్కడ మొదలైంది.

దుకాణం పిల్లగాడు సన్నటి సిమ్ము పిన్ను అందుకున్నాడు. ఫోన్ కుడిపక్క చూశాడు. ఎడమపక్క చూశాడు. పైన చూశాడు. కింద చార్జింగ్ పెట్టే చోట వరసగా చిన్న బొక్కలు కనిపిస్తే ప్రాణం లేచొచ్చి, ఒకదాంట్లో పిన్ను పెట్టబోయాడు. “అరేయ్, అది మైకుర!” అని బెంచీ మీది నుంచి కేక. పిన్ను ఆగింది. “బాపూ, సిమ్ము పెట్టే ట్రే ఏడున్నది దీనికి?” అని అడిగాడు పిల్లగాడు. బాపు ముఖం పాలిపోయింది.

అప్పుడు పెద్దలంతా కల్పించుకున్నారు. ప్లాట్ల బిజినెస్ చేసే ఒక అన్న ఫోన్ అందుకుని వెలుగుకు పెట్టి చూశాడు, వెంచర్‌లో హద్దురాళ్లు వెతికినంత శ్రద్ధగా. కెమెరా కింద ఉంటదేమోనని ఒకరు, పవర్ బటనే ట్రే అయ్యుంటదని ఇంకొకరు. రిటైర్డ్ లెక్కల సారు అన్ని కోణాలూ కొలిచి, “మీ పిలగాడు డాలస్‌ల పెట్టెల్నే ట్రే మర్చిపోయిండు, ఫోన్ చేసి పంపియ్యమనుండ్రి” అని సాధ్యం నిరూపించాడు. ప్లాట్ల అన్న ఒప్పుకోలేదు. “కాదు సారూ, శంషాబాద్‌ల కస్టమ్సోళ్లు పీక్కున్నరు. వాళ్లకు గదే పని. నా బామ్మర్ది టీవీకి రిమోట్ పోయింది గిట్లనే” అన్నాడు. ఈ వాదానికి బెంచీ మీద తక్షణ మద్దతు లభించింది. ట్రే లేకుండా ఫోన్ ఎట్ల అమ్ముతడు, పీకిందే. కస్టమ్స్ మీద ఎవరికి ఫిర్యాదు చేయాలి, ఎమ్మెల్యే లెటరు సరిపోతదా, ఎంపీ లెటరు కావాల్నా అన్నదాకా వెళ్లింది చర్చ. పెద్దాయన అయితే చుట్టాలబ్బాయిని కూడా అనుమానించడం మొదలుపెట్టాడు. ఒక ట్రే కోసం రెండు కుటుంబాల మధ్య సంబంధం తెగిపోయే ఘడియలో, చాయ్ తాగుతున్న బీటెక్ పిల్లవాడొకడు మోరీ దాటి వచ్చాడు.

“అంకుల్, అమెరికా మోడల్‌కు ట్రే ఉండదు. 2022ల ఐఫోన్ 14 నుంచే తీసేసిండ్రు. అంతా ఈ-సిమ్మే, ఫోన్ లోపల్నే ఉంటది.”

నిశ్శబ్దం. ఒక మహత్తర ఉద్యమం కళ్లముందే కూలిపోతే ఎవరికైనా బాధే. ప్లాట్ల అన్న మాత్రం తేరుకుని, “గదే అంటున్న, తీసేసిండ్రు” అన్నాడు. గెలుపు ఆయనదే.

బీటెక్ వాడు అక్కడితో ఆగక సెట్టింగ్స్‌లో జనరల్, అందులో అబౌట్ తెరిచి కిందికి జరిపాడు. ‘క్యారియర్ లాక్’ అన్న వరసలో ‘సిమ్ లాక్డ్’ అని ఉంది. అంటే ఈ-సిమ్ము వేయించినా ఆ అమెరికా కంపెనీది తప్ప ఇంకోటి పట్టదు. అసలు మహాసభ ఇక్కడి నుంచి మొదలు.

జగదీశ్ మార్కెట్‌కు తీసుకపోతే పది నిమిషాల పనని ఒకరు. హైదరాబాద్ ఆబిడ్స్‌లోని ఆ మార్కెట్ మీద మా వైపు వాళ్లకున్న నమ్మకం మేడారం జాతర మీద కూడా ఉండదు. ఫోన్ నంబర్‌బట్టి కోడ్ తీసి కొడితే తెరుచుకుంటదని, తన నోకియా అట్లనే తెరిచారని ఇంకొకరు. సిమ్ము కింద పల్చటి చిప్పు పెడితే ఫోన్ మోసపోతదని దుకాణం పిల్లగాడు. సిమ్మే లేదురా, దేని కింద పెడతవని సారు. మళ్లీ నిశ్శబ్దం.

పాఠకుల సౌకర్యార్థం చెబుతున్నాను. ప్రతి సిమ్ములో చందాదారు నంబరు ఒకటి ఉంటుంది, దాని మొదటి అంకెలు దేశాన్నీ కంపెనీనీ చెప్తాయి. మన దేశానివి 404, 405తో మొదలవుతాయి. తాళం వేసిన ఫోన్ ఆ అంకెలు చూసి, మావాడివి కావంటూ ముఖం మీద తలుపేస్తుంది. పాత ఫోన్లలో ఆ తాళం ఫోన్‌లోనే ఉండేది కాబట్టి కోడ్‌కు లొంగేది. ఐఫోన్ విషయంలో ఆ ఫోన్ 15 అంకెల గుర్తింపు నంబరు ఐఎంఈఐ ఎదురుగా తాళం ఉన్నదా లేదా అన్నది ఆపిల్ సర్వర్‌లో రాసి ఉంటుంది. అమ్మిన కంపెనీ చెబితేనే ఆ రాత మారుతుంది. నయీంనగర్ బెంచీ మీద ఎంత గట్టిగా అరిచినా అక్కడికి వినపడదు.

తెరుచుకుంటదనే వర్గానికి చరిత్రలో ఒక ఆసరా ఉంది, ఒప్పుకోవాలి. 2007 జూన్‌లో మొట్టమొదటి ఐఫోన్‌ను అమెరికా నెట్‌వర్క్ కంపెనీ ఏటీ అండ్ టీ గుంజకు కట్టేసి అమ్మితే, ఆగస్టుకల్లా న్యూజెర్సీలో జార్జ్ హాట్జ్ అనే 17 ఏళ్ల పిల్లవాడు దాన్ని విప్పి, సాల్డరింగ్ పెట్టి తాళం ఊడగొట్టాడు. అట్లా విప్పిన ఫోన్ ఇచ్చి నిస్సాన్ 350జెడ్ కారు తెచ్చుకున్నాడు. ఈ కథ బీటెక్ వాడు చెప్పగానే దుకాణం పిల్లగాడు సాల్డరింగ్ కడ్డీ వైపు చూసిన చూపు నేను చూశాను. పెద్దాయన కూడా చూశాడు, ఫోన్ లాక్కుని లోపలి జేబులో పెట్టుకున్నాడు.

అటు అగ్రరాజ్యం గతి ఏమంత గొప్పగా లేదు. 2013 జనవరి 26 నుంచి అక్కడ కొత్తగా కొన్న ఫోన్ తాళం కంపెనీ అనుమతి లేకుండా విప్పితే చట్టవిరుద్ధం. మనం జెండా ఎగరేసుకునే రోజునే వాళ్ల ఫోన్లకు బేడీలు పడ్డాయి. లక్షమందికి పైగా శ్వేతసౌధానికి అర్జీ పెట్టుకుంటే, ఉభయసభలూ కూర్చుని బిల్లు పాస్ చేస్తే, 2014 ఆగస్టు 1న ఒబామా సంతకం పెడితే అప్పుడు మళ్లీ విప్పుకోనిచ్చారు. కెనడా 2017 డిసెంబరు నుంచి, బ్రిటన్ 2021 డిసెంబరు నుంచి తాళం వేసి అమ్మడమే వద్దన్నాయి. మనకూ ఈ తాళాలు కొత్త కాదు. 2008లో ఎయిర్‌టెల్, వొడాఫోన్ 31,000 రూపాయలకు ఐఫోన్ 3జీ అమ్మింది తాళంతోనే. 1,500 డిపాజిట్‌కు 2017లో వచ్చిన జియోఫోన్‌లో ఇంకో సిమ్ము పనిచేసేది కాదు.

సరే, ఇక ‘ఫ్రీ’ దగ్గరికి వద్దాం. ఎట్టకేలకు డాలస్‌కు వీడియో కాల్ కలిసింది. కొడుకు అసలు సంగతి చెప్పాడు. ఫోన్ ఫ్రీ కాదు, 36 నెలల వాయిదా. నెలనెలా బిల్లులో ఆ వాయిదా అంత తగ్గిస్తూ పోతారు. బాకీ మొత్తం తీరాకే తాళం తీస్తారు. “మూడేండ్లు ఆగు నాన్నా, అదే తెరుచుకుంటది.” అప్పటిదాకా ఆ ఫోన్ ఇంట్లో వైఫై మీద బతుకుతుంది. బయటికి పోతే పాత ఫోన్‌లో హాట్‌స్పాట్ పెట్టి దానికి నెట్ తాపాలి. పెద్దాయనకు ఇప్పుడు రెండు జేబులూ నిండుగా ఉన్నాయి.

బెంచీ భగ్గుమంది. రెండు వర్గాలూ ఒక్కటయ్యాయి. “పైసలు కడుతున్నడు గద, తాళమెందుకు?” “వస్తువు మనది, పెత్తనం వాడిదా?” “గింత అన్యాయం ఏడన్న ఉంటదా!” లెక్కల సారు వినియోగదారుల హక్కుల మీద చేసిన ప్రసంగం నిజంగానే బాగుంది. అక్షరం కూడా తీసిపారేయలేను.

అదే బెంచీ దగ్గరికి కొన్నాళ్లకు నర్సంపేట వైపు నుంచి ఒక పత్తి రైతు వచ్చాడు. ఆ పూట నేను లేను, చాయ్ పోసే అన్న చెప్పిందే రాస్తున్నాను. రైతు చేతిలో వాయిదాల మీద కొన్న మామూలు ఫోన్ ఉంది. తెర నిండా ఎర్రటి పట్టీ, దాని మీద బాకీ కట్టమని నాలుగు ముక్కలు. ఏది నొక్కినా కదలదు. అమ్మేటప్పుడే ఫైనాన్స్ వాళ్లు లోపల ఒక యాప్ దూర్చి పెడతారు. గడువు దాటితే ఎక్కడో కూర్చుని మీట నొక్కుతారు. “తమ్మీ, దీన్ని జర తెరుస్తవా?” అని అడిగాడు రైతు.

హక్కుల బెంచీ ఏమన్నదో చూడండి. “వాయిదా కట్టాలె మరి.” “బాకీ ఎగ్గొడితే లాక్ చెయ్యరా, ముద్దు పెట్టుకుంటరా?” “గీళ్లకు గిట్లనే చెయ్యాలె, అప్పుడే డిసిప్లిన్ వస్తది.” ఈ చివరి మాట లెక్కల సారుది. డాలస్ వాయిదా తాళం అయితే దురాగతం, నర్సంపేట వాయిదా తాళం అయితే క్రమశిక్షణ. సారు ఇన్నేండ్లు పిల్లలకు ఏ సమీకరణాలు చెప్పారో!

రైతు ఎగ్గొట్టలేదు. పత్తి ఇంట్లో ఉంది. అది అమ్మితే పైసలు. 2025 నుంచి సర్కారు పత్తి సంస్థ సీసీఐకి అమ్మాలంటే ‘కపాస్ కిసాన్’ యాప్‌లో స్లాటు బుక్ చేసుకోవాలి. స్లాటు కావాలంటే ఫోన్ తెరుచుకోవాలి. ఫోన్ తెరుచుకోవాలంటే వాయిదా కట్టాలి. వాయిదా కట్టాలంటే పత్తి అమ్మాలి. 2025-26లో పొడుగు పింజ పత్తికి మద్దతు ధర క్వింటాలుకు 8,110 అని కాగితం మీద ఉంది. తేమ 12 శాతం దాటితే సీసీఐ కొనదు. మంచు కురిసే రోజుల్లో బస్తాలు ఇంట్లో పెట్టుకుని తెర మీది ఎర్ర పట్టీ వైపు చూస్తూ కూర్చుంటే తేమ ఆగుతుందా? బయట దళారి చెప్పిన ధరకు దులుపుకోవాల్సిందే. ఎవడయ్యా ఈ మీట కనిపెట్టింది? అప్పుంటే నోటీసియ్యి, వడ్డీ వెయ్యి, కోర్టుకు పో. ఒకప్పుడు సొసైటీ బాకీకి ఇంటి తలుపులు పీక్కపోయేటోళ్లు. ఆ వచ్చినవాడికి కనీసం ఊరి మొఖం చూసే అవస్థ ఉండేది, నలుగురు అడ్డం నిలబడితే సిగ్గన్నా పడేవాడు. ఇప్పుడు ఊరికి రానక్కర్లేదు, మనిషిని చూడనక్కర్లేదు. పింఛను, రేషను, బ్యాంకు, పత్తి అన్నీ ఆ ఒక్క ఫోన్‌లో పెట్టమన్నదీ మీరే, దాని పీక పట్టుకున్నదీ మీరే! ఇట్లా దూరం నుంచి ఫోన్లు బిగించడం ఆపమని రుణ సంస్థలకు 2024లో చెప్పిన రిజర్వ్ బ్యాంకే, మళ్లీ షరతులతో అనుమతివ్వాలని చూస్తోందని 2025 సెప్టెంబరులో వార్తలొచ్చాయి. అమెరికా వాడు సిమ్ముకే తాళం వేశాడు, ఆ ఫోన్ వైఫై మీదన్నా పాటలు పాడుతుంది. మనవాళ్లు మనిషికే వేశారు.

రైతు తెలివైనవాడు. “సిమ్ము తీసి మీలో ఎవరి ఫోన్లనన్న ఏసి, గా యాప్‌ల స్లాటు కొట్టియ్యుండ్రి” అన్నాడు. పది నిమిషాల పని. బెంచీ మీద చిన్నవీ పెద్దవీ కలిపి అందరి చేతుల్లోనూ ఫోన్లు. ఒకరికి తన వాట్సాప్ పోతదని భయం. ఇంకొకరి బ్యాంకు యాప్ అలుగుతుందట. ప్లాట్ల అన్నకు అప్పుడే కస్టమర్ ఫోన్. సారుకు చాయ్ చల్లారింది. ఒక ఐఫోన్ ట్రే కోసం పార్లమెంటు దాకా పోయినవాళ్లు ఒక సిమ్ముకు జాగా ఇయ్యలేకపోయారు.

చివరికి చాయ్ పోసే అన్నే చేతులు తుడుచుకుని, పగిలిన అద్దం ఫోన్ తీసి, తన సిమ్ము ఊడదీసి రైతుది వేశాడు. ఇద్దరూ ఓటీపీ కోసం చూశారు. టింగుమని మెసేజ్ వచ్చింది. ఆత్రంగా తెరిస్తే అది ఓటీపీ కాదు. ఫైనాన్స్ కంపెనీది. అభినందనలు, కొత్త స్మార్ట్‌ఫోన్ కొనడానికి మీకు లోన్ ముందే మంజూరైంది, ఈ లింకు నొక్కండి.