ఓడినవాడే డబ్బు కట్టే ఆట

తొంభైల చివరి సంవత్సరాల్లో, పాలకొల్లులో సినిమా హాలు పక్క సందులో ఒక వీడియో గేమ్ షాపు ఉండేది. రేకుల కప్పు కింద నాలుగు చెక్క పెట్టెలు, వాటిలో టీవీ తెరలు. రూపాయి ఇస్తే ఒక కాయిన్. ఆడేవాళ్లు నలుగురైదుగురైతే వెనుక నిలబడి చూసేవాళ్లు ఇరవై మంది. ఇంట్లో రోజూ రూపాయి ఇవ్వరు కాబట్టి నేను ఎక్కువగా ఆ ఇరవై మందిలోనే ఉండేవాణ్ణి. అక్కడ నాకు అర్థమైన ఒక సంగతి ఆన్‌లైన్ ఆటల మీద ఇప్పుడు నడుస్తున్న చర్చలో ఎక్కడా వినిపించడం లేదు. ఆ ఆటల్లో ఓడినవాడే మళ్లీ డబ్బు కట్టేవాడు. గెలిచినవాడు అదే కాయిన్ మీద ఆడుతూనే ఉండేవాడు.

ఆ యంత్రాలను డబ్బు గుంజడానికే కఠినంగా తయారు చేశారని చాలామంది అంటారు. నిజమే, కాయిన్ వేసినవాడు ఎంత త్వరగా లేస్తే షాపుకు అంత లాభం. అయితే ఆ లెక్కకు ఒక హద్దు ఉండేది. ఓడిపోయిన పిల్లవాడు ‘తప్పు నాదే’ అనుకోవాలి. ‘యంత్రం మోసం చేసింది’ అనుకుంటే మర్నాడు రాడు. అందుకే కాంట్రా అనే తుపాకీ ఆటలో సైనికుడు నిన్న ఎక్కడ నిలబడ్డాడో ఇవాళా అక్కడే నిలబడతాడు. ‘1942’ అనే ఆటలో విమానాలు నిన్నటి వరసలోనే వస్తాయి. గుర్తుపెట్టుకున్నవాడు ముందుకు వెళతాడు.

స్ట్రీట్ ఫైటర్ 2 దగ్గర ఈ సంగతి ఇంకా బాగా కనిపిస్తుంది. జపాన్ కంపెనీ క్యాప్‌కామ్ 1991లో విడుదల చేసిన ఈ ఫైటింగ్ ఆటలో ఎంచుకోవడానికి ఎనిమిది మంది యోధులు, నొక్కడానికి ఆరు బటన్లు. జాయ్‌స్టిక్‌ను కిందికి లాగి, అక్కడి నుంచి ఎదుటివాడి వైపు తిప్పి పిడిగుద్దు బటన్ నొక్కితే ర్యూ అనే యోధుడి చేతుల్లోంచి నీలి గోళం దూసుకుపోతుంది. చెబితే ఒక్క వాక్యం, వేళ్లకు పట్టుబడాలంటే నెల. ఒక దెబ్బ మీద ఇంకో దెబ్బ తప్పించుకోలేనంత వేగంగా తగిలించే కాంబో అసలు రూపకర్తల ప్రణాళికలో లేదు. తయారీ సమయంలో ఆ బృందంలోని నోరిటాకా ఫునామిజు కారు పగలగొట్టే బోనస్ ఘట్టాన్ని పరీక్షిస్తుండగా అది కంటపడింది. సాధించడం కష్టం కాబట్టి ఉంటే ఉండనిమ్మని వదిలేశారు. తర్వాత వచ్చిన ఫైటింగ్ ఆటలు చాలావరకు ఆ పొరపాటు మీదే నిలబడ్డాయి.

మా షాపుకు వచ్చింది మాత్రం అసలు బోర్డు కాదు. అదే ఆటకు 1992లో వచ్చిన కొత్త రూపం ఛాంపియన్ ఎడిషన్‌ను ఎవరో మార్చి అమ్మిన నకిలీ. దానిలో గాలిలో ఎగురుతూ కూడా గోళాలు విసరవచ్చు. పోరు మధ్యలో స్టార్ట్ బటన్ నొక్కితే మనిషే మారిపోతాడు. అసలు ఆట అదేనని మేమంతా చాలా ఏళ్లు నమ్మాం. అలాంటి నకిలీలు అమెరికాలోనూ పాకడంతో, వాటికి జవాబుగా క్యాప్‌కామ్ అదే ఏడాది చివర్లో వేగం పెంచిన హైపర్ ఫైటింగ్ అనే వెర్షన్‌ను తెచ్చిందని తర్వాత ఎప్పుడో తెలిసింది. కానీ ఆ సంగతి మాకు తెలియకముందే మా సందులో ఒక జవాబు తయారైంది. ఇద్దరు ఎదురెదురుగా ఆడేటప్పుడు స్టార్ట్ బటన్ ముట్టుకోకూడదని పెద్ద పిల్లలు కట్టుబాటు పెట్టారు. ముట్టుకుంటే గెలిచినా లేవాల్సిందే. అడ్డదారిలో దొరికే బలాన్ని పదిహేనేళ్ల పిల్లలు తమంతట తామే వద్దనుకున్నారు. ఆ గది గురించి నాకు మిగిలిన గొప్ప జ్ఞాపకం అది.

షూటింగ్ ఆటల పుట్టుకలోనూ ఇలాంటి యాదృచ్ఛికమే ఉంది. 1978లో తొమొహిరో నిషికాడో చేసిన స్పేస్ ఇన్వేడర్స్‌లో శత్రువులు తగ్గేకొద్దీ మిగిలినవాళ్లు వేగంగా కదులుతారు. గీయాల్సిన బొమ్మలు తగ్గి ప్రాసెసర్‌కు పని తేలికవడమే కారణం. ఆయన దాన్ని సరిదిద్దకుండా ఉంచారు. ఆడేవాడు గెలుస్తున్నకొద్దీ ఆట కఠినమవుతుంది. 1996 నాటి మెటల్ స్లగ్‌లో ఒక్క తూటా తగిలితే ప్రాణం పోయేది. అయినా దాని చేతిగీత బొమ్మల అందం చూడడానికే మేం నిలబడేవాళ్లం.

నిలబడి చూడటమే మాకు చదువు. “కొట్టకు, ఆగు. వాడు దూకేదాకా ఆగన్నా” అని వెనుక నుంచి ఎవడో అరిచేవాడు. రైసు మిల్లు యజమాని కొడుకు, కొబ్బరి దింపే కూలీ కొడుకు ఒకే పెట్టె ముందు కూర్చునేవారు. డబ్బున్నవాడికి ఇంకో కాయిన్ దొరికేది, ఇంకో చెయ్యి దొరికేది కాదు. లాహోర్‌లోనూ ఇలాంటి గదులే. అక్కడి షాపుల్లో కింగ్ ఆఫ్ ఫైటర్స్ ఆడి పెరిగిన అర్స్‌లాన్ ఆష్ 2019లో జపాన్, అమెరికాల్లో జరిగిన ఈవో అనే ఫైటింగ్ ఆటల పోటీల్లో టెక్కెన్ 7 టైటిళ్లు రెండూ గెలుచుకున్నాడు. ఆ వార్త చదివినప్పుడు సంతోషంతో పాటు కడుపులో ఒక మెలిక కూడా పడింది. మన గదులు అప్పటికే మూతపడ్డాయి.

ఇక చట్టం సంగతి. రమ్మీ ప్రధానంగా నైపుణ్యం మీద ఆధారపడిన ఆటేనని ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన కేసులో సుప్రీంకోర్టు 1968లో చెప్పింది. దశాబ్దాలపాటు వాదమంతా నైపుణ్యమా, అదృష్టమా అన్న గీత చుట్టూనే తిరిగింది. 2025 ఆగస్టులో వచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం డబ్బు పందెం ఉన్న ఆటల విషయంలో ఆ గీతను చెరిపేసి అన్నిటినీ నిషేధించింది, ఈ-స్పోర్ట్స్‌ను, అంటే వీడియో గేమ్ పోటీలను, ప్రోత్సహిస్తామంది. సంక్రాంతి బరుల దగ్గర పొలాలు చేతులు మారడం చూసిన ప్రాంతం వాణ్ణి, ఆ నిషేధాన్ని నేను సమర్థిస్తాను. కానీ పందెం లేకుండానే జేబు ఖాళీ చేసే ఆటలు ఫోన్లలో అలాగే ఉన్నాయి. అక్కడ బలం అమ్ముతారు. కొన్నవాడు కొననివాణ్ణి ఓడిస్తాడు.

ఆర్కేడ్‌లోనూ, అంటే కాయిన్ వేసి ఆడే యంత్రాల్లోనూ, ఆ ప్రయత్నం జరిగింది. 1990లో వచ్చిన డబుల్ డ్రాగన్ 3లో దుకాణాలు పెట్టి, అసలు కాయిన్లకు కొత్త దెబ్బలను, ప్రాణశక్తిని అమ్మారు. జపాన్ వెర్షన్‌లో ఆ దుకాణాలను తీసేశారు. అంటే ఎక్కడ ఆగాలో ఆట తయారుచేసేవాళ్లకు ముప్పై ఏళ్ల కిందటే తెలుసు. ఒక ఆటను తూచేటప్పుడు అది ఎంత అడుగుతోందన్నది రెండో ప్రశ్న. ఎప్పుడు అడుగుతోందన్నది మొదటి ప్రశ్న కావాలి. ఓడాక మరో ప్రయత్నానికి అడుగుతోందా, గెలుపునే అమ్ముతోందా? నియమాలు రాసేవాళ్లు ఈ తేడాను కాగితం మీద పెట్టాలి.

ఈ-స్పోర్ట్స్‌ను నిజంగా పెంచాలనుకుంటే భీమవరంలోనో అమలాపురంలోనో ఒక గ్రంథాలయ గది చాలు. పాత కంప్యూటర్, రెండు జాయ్‌స్టిక్‌లు, లైసెన్సు తీసుకున్న పాత ఆటల సంకలనం ఒకటి. కుర్చీలు మాత్రం రెండే వేయాలి. మిగతా గదంతా నిలబడి చూసేవాళ్లకు వదలాలి.