నేలను కిందికి దింపినందుకు బిల్లు

ప్రజాధనంతో గానీ సొంత డబ్బుతో గానీ కట్టడాలు కట్టేవారందరి దృష్టికి ఒక ఘోరమైన అపచారాన్ని తీసుకురావడం తన కనీస ధర్మమని ఈ వ్యాసకర్త భావిస్తున్నాడు. సముద్ర తీరంలోనో, పూడ్చిన నేలమీదో, వదులు ఇసుకలో పునాది వేయవలసి వచ్చినప్పుడు ముందుగా వైబ్రో కంపాక్షన్, అంటే ఇసుకను లోతు నుంచి అదిరించి గట్టిపరిచే పని, చేయించాలని కొందరు ఇంజినీర్లు పట్టుబడుతున్నారు. ఆ పని ముగిశాక వెళ్లి చూస్తే స్థలంలో ఒక్క ఇటుక లేచి ఉండదు సరికదా, నేల మట్టం నిన్నటికంటే కిందికి దిగి ఉంటుంది. డబ్బు పుచ్చుకుని భూమిని కుంగదీసే ఈ విద్య 1930లలో జర్మనీలో పుట్టి, 1937లో బెర్లిన్‌లో ఒక భవనం కోసం నేలకెక్కి, ఇన్నేళ్లుగా నిర్భయంగా బిల్లులు చేసుకుంటోంది.

జరిగే తంతును కాస్త దగ్గరగా చూద్దాం. క్రేనుకు మూడు నాలుగు మీటర్ల ఉక్కు గొట్టం ఒకటి వేలాడుతూ ఉంటుంది. దాని లోపల మోటారు ఒక పక్కకు బరువున్న దిమ్మను నిమిషానికి రెండు మూడు వేల చుట్లు తిప్పుతుంటే గొట్టం అడ్డంగా అదురుతుంది; మొన నుంచి నీరు చిమ్ముకుంటూ తన బరువుతోనే ఇసుకలోకి దిగిపోతుంది. అడుగుకు చేరాక అర మీటరు చొప్పున పైకి లాగుతూ, ప్రతి మెట్టు దగ్గరా అర నిమిషమో నిమిషమో ఆపుతారు. కుంచంలో పోసిన వడ్లను రెండుసార్లు కుదిపితే గింజలు సర్దుకుని మరో గుప్పెడుకు చోటిచ్చినట్టే, ఇసుక రేణువులు కూడా ఒకదాని సందులోకి ఒకటి ఒదిగిపోతాయి. ఇసుక గట్టిపడేకొద్దీ మోటారుకు కరెంటు ఎక్కువ కావాలి కనుక, ఆపరేటరు క్యాబిన్‌లో కూర్చుని అమ్మీటరు ముల్లు ఎంతవరకు ఎక్కిందో చూసుకుంటూ ఉంటాడు. ఈలోగా గొట్టం చుట్టూ నేల గుంటపడుతుంది. లోడరు బకెట్ల కొద్దీ ఇసుక తెచ్చి అందులో పోస్తుంది. గుంట దాన్ని మింగి మళ్లీ నోరు తెరుస్తుంది.

అసలు ఆడిట్ పేరా ఇక్కడే మొదలవుతుంది. గట్టిపరిచిన లోతులో ఐదు నుంచి పదిహేను శాతం వరకు నేల కుంగుతుందని ఆ ఇంజినీర్లే ఒప్పుకుంటారు. ఎకరా స్థలంలో, పది మీటర్ల లోతున, ఆరు శాతమే కుంగిందనుకున్నా సుమారు 2,400 ఘనపు మీటర్ల ఇసుక లెక్క తేలాలి. లారీ ఇసుక కోసం ప్రభుత్వాలే తలకిందులైన రాష్ట్రంలో ఇది చిన్న విషయం కాదు. ఎక్కడికి పోయిందని అడిగితే, ఎక్కడికీ పోలేదు, రేణువుల మధ్య ఖాళీల్లోకి పోయిందంటారు. ఖాళీలను జమ వేసుకోవడానికి పని కొలతలు రాసుకునే ఎం.బుక్కులో కాలమ్ లేదని మనవి.

సాక్ష్యం చూపమంటే మరో బోరు వేసి, 63.5 కిలోల సుత్తిని 75 సెంటీమీటర్ల ఎత్తు నుంచి వదులుతూ, గొట్టం 30 సెంటీమీటర్లు దిగడానికి ఎన్ని దెబ్బలు పట్టాయో లెక్కపెట్టి చూపిస్తారు. పదిలోపయితే ఇసుక వదులట. ఈశాన్యం మూల ఎంత పెరిగిందో అంగుళాలతో సహా చెప్పగలిగిన ఇంటి యజమానిని ఈ దెబ్బల లెక్క అడిగి అవమానించడం ఏం మర్యాద? పైగా ఈ యంత్రానికి నేలల మధ్య పక్షపాతం కూడా ఉంది. ఒండ్రు, బంకమన్ను పాళ్లు పది పదిహేను శాతం దాటితే అది చేతులెత్తేస్తుంది. నల్లరేగడి వైపు కన్నెత్తి చూడదు.

ఇంత చెప్పినా వినకపోతే వాళ్లు జపాన్‌లోని నీగాటా పేరెత్తి భయపెడతారు. 1964 జూన్ 16 నాటి భూకంపంలో అక్కడి వదులు ఇసుక నీటితో కలిసి ద్రవంలా మారింది. కవాగిషిచోలోని నాలుగంతస్తుల అపార్టుమెంట్లు పక్కకు ఒరిగాయి. ఒకటి దాదాపు పడుకుంది. గోడలు మాత్రం చాలావరకు చెక్కుచెదరలేదు. నిష్పక్షపాతంగా చూస్తే ఇది సిమెంటు పనివారి విజయమే. నివాసులు గోడమీద నడవవలసి రావడం స్వల్ప అసౌకర్యం. అదే నగరంలో ముందుగానే ఇసుకను గట్టిపరిచి పెట్టుకున్న స్థలాలు చాలా తక్కువ నష్టంతో బయటపడ్డాయి. అయితే పాఠ్యపుస్తకాలకు ఎక్కింది మాత్రం ఒరిగిన అపార్టుమెంట్ల ఫొటోయే. నిటారుగా నిలబడి ఉన్న కట్టడాన్ని ఫొటో తీసేందుకు ఎవరు వస్తారు? పైన పటారం, లోన లొటారం అన్న మన నిర్మాణ సంప్రదాయానికి ఇంతకు మించిన అంతర్జాతీయ గుర్తింపు ఏముంటుంది?

అయినా ఈ విధానాన్ని పూర్తిగా నిషేధించమని ఈ వ్యాసకర్త కోరడం లేదు. పైన బరువు లేనందువల్ల ఉపరితలానికి దగ్గరున్న మీటరు రెండు మీటర్ల ఇసుక ఎంత అదిరించినా గట్టిపడదు. దాన్ని చివర్లో రోలరుతో తొక్కించవలసిందే. ఆ రోలరుపై ఎవరికీ అభ్యంతరం ఉండనవసరం లేదు, ఎందుకంటే అది పెద్దది, పచ్చరంగుది, చప్పుడు చేస్తుంది, అధికారులు దాని పక్కన నిలబడటానికి వీలుంటుంది. కనుక శంకుస్థాపన నాడు రోలరుకు దండ వేయించి, గొట్టాన్నీ క్రేనునూ ఆ పూటకు షెడ్డు వెనక్కి తరలించవలసిందిగా సంబంధిత శాఖలకు విన్నవించడమైనది.