ఎడిటర్ రంగులు ఎవరివి వారికి వదిలేయండి

మా బృందంలో రాయచోటి కుర్రాడు ఒకడున్నాడు. గత వారం అతని పక్కన కూర్చుని కోడ్ రివ్యూ (కోడ్‌లో చేసిన మార్పుల తనిఖీ) చేస్తుండగా, తీసేసిన పంక్తులు ఎరుపులోనూ చేర్చినవి ఆకుపచ్చలోనూ కనిపిస్తున్నా, అతడు ముందుగా ఎడమ అంచున ఉండే సన్నని కూడిక, తీసివేత గుర్తులను ఒక్కొక్కటిగా వేలితో వెతుక్కుని, ఆ తరువాతే కోడ్ చదవడం గమనించాను. అడిగితే, "ఆ రెండు రంగులూ నాకు ఒకలాగే ఉంటాయన్నా" అన్నాడు. ఆరు నెలలుగా ఎవరికీ చెప్పలేదట.

ఎరుపు, ఆకుపచ్చలను వేరుచేసి చూడలేని ఈ వర్ణాంధత ఎక్స్ క్రోమోజోము ద్వారా సంక్రమిస్తుంది కాబట్టి మగవారిలో ఎక్కువ. మా అంతస్తులో ఇతడొక్కడే అని నేననుకోను. మేము కోడ్ రాసే ఎడిటర్ వీఎస్ కోడ్ సెట్టింగ్స్ ఫైలులో రెండు పంక్తులు చేర్చి, ఆ రంగులను నీలం, నారింజలుగా మార్చాను. అతని ముఖం విప్పారింది. మరునాడు లాగిన్ కాగానే మా ఆఫీసు స్క్రిప్టు ఆ ఫైలును తుడిచేసి, అందరికీ ఇచ్చే డార్క్ థీమ్‌నే మళ్ళీ పెట్టేసింది. ఐటీ విభాగానికి టికెట్ పెడితే, అందరికీ ఒకే అమరిక ఉండాలన్నది విధానమని చెప్పి మూసేశారు.

తొంభైలలో ఇదే బెంగళూరులో, జయనగర్‌లోని ఒక ఇన్‌స్టిట్యూట్‌లో నేను సి భాషలో ప్రోగ్రాములు రాసే టర్బో సి 2.0 నేర్చుకున్నాను. దానితోపాటు టీసీఇన్‌స్ట్ అనే చిన్న యుటిలిటీ వచ్చేది. దాన్ని నడిపితే మెనూల రంగు, ఎడిటర్ నేపథ్యం, కిటికీల పరిమాణం, చివరికి వర్డ్‌స్టార్ అనే పాత వర్డ్ ప్రాసెసర్ పద్ధతిలో ఉండే ఎడిటర్ మీటలను కూడా మనకు తగినట్లు మార్చుకోవచ్చు. ఆ మార్పులను అది నేరుగా టర్బో సి ప్రోగ్రాము ఫైలైన టీసీ డాట్ ఈఎక్స్‌ఈలోనే రాసేది కాబట్టి, ఫ్లాపీలో కాపీ చేసుకుని ఏ యంత్రం దగ్గరికి వెళ్ళినా మన రంగులు మనతోనే వచ్చేవి. కోడ్‌లోని పదాలను వాటి రకాన్ని బట్టి వేర్వేరు రంగుల్లో చూపడమే లేని ఆ ఎడిటర్‌లో కూడా చూసేవాడి కంటికి ఆ గౌరవం దక్కింది.

ఒకే అమరిక ఎక్కడ అవసరమో నాకు తెలుసు. పంక్తి మొదట ట్యాబా, ఖాళీలా, పంక్తి చివర ఏ గుర్తు ఉండాలి అన్నవి ఫైలులోకి చేరి తోటివారి పనిని తాకుతాయి. వాటికి ఉమ్మడి నియమం ఉండవలసిందే. నా తెర రంగు ఫైలులోకి వెళ్ళదు, కంపైలర్‌కు తెలియదు, పక్కవాడికి కనిపించదు. రంగు ఒక్కదాని మీదే ఆధారపడి సమాచారం చెప్పకూడదని వెబ్‌సైట్లు అందరూ వాడుకోగలిగేలా ఉండేందుకు రూపొందించిన మార్గదర్శకాలు, 2008 నాటి డబ్ల్యూసీఏజీ 2.0, చెబుతాయి. మేము తయారుచేసే ప్రతి వెబ్‌సైటునూ ఆ నియమం ప్రకారం పరీక్షించాకే ఖాతాదారుకు అప్పగిస్తాం. ఆ పరీక్షలు రాసే మనిషికే ఆ వెసులుబాటు లేకపోవడం నన్ను బాధిస్తోంది.

నేను అడుగుతున్నది పెద్దదేమీ కాదు. ఆ స్క్రిప్టు ఫైలు మొత్తాన్ని తుడిచేయకుండా, భద్రతకు, ఫార్మాటింగ్‌కు సంబంధించిన అమరికలను మాత్రమే రాసి, రంగులను, ఫాంటును ముట్టకుండా వదలాలి. టికెట్‌ను మళ్ళీ తెరిపించాను. ప్రస్తుతానికి అతడు ఆ రెండు పంక్తులను నోట్‌ప్యాడ్‌లో దాచుకుని, రోజూ ఉదయం పని మొదలుపెట్టే ముందు మళ్ళీ అతికించుకుంటున్నాడు.