కట్టె ఊపితే కోట్లు రాలవు

గోల్ఫ్ మాటెత్తితే మా నల్లగొండలో రెండే మాటలు వినబడతాయి. ఒకటి, "బలిసినోళ్ల ఆట, మనకెందుకు". రెండోది, "కట్టె పట్టుకొని గడ్డి మీద తిరిగితే గన్ని కోట్లా!" విని విని విసుగొచ్చి రాస్తున్నా. కొంచెం పెద్ద పోస్టే, ఓపికుంటే చదవండి.

ముందు కోట్ల సంగతి. 2022లో అమెరికాలో జరిగిన ప్లేయర్స్ ఛాంపియన్‌షిప్‌లో మన అనిర్బన్ లాహిరి ఒక్క స్ట్రోక్ (అంటే బంతిని కొట్టే దెబ్బ, తక్కువ దెబ్బల్లో ముగించినవాడే విజేత) తేడాతో రెండో స్థానంలో నిలిచాడు. 21.8 లక్షల డాలర్లు వచ్చాయి. మన రూపాయల్లో 16 కోట్ల పైమాటే. అందరికీ ఆ అంకె గుర్తుండిపోయింది. మరి రెండు రోజులు ఆడి, స్కోరు చాలక (దీన్నే కట్ దాటలేకపోవడం అంటారు) ఇంటిదారి పట్టినవాళ్ల లెక్క ఎవరడుగుతారు? ప్రొఫెషనల్ టోర్నీ అంటే మామూలుగా నాలుగు రోజులు, రోజుకు 18 హోల్స్, అంటే బంతిని దించాల్సిన గుంతలు. రెండో రోజు అయ్యేసరికి సగం మందికి పైగా బయటికి పోతారు. వాళ్ల చేతికి సాధారణంగా ఒక్క రూపాయి రాదు. ఎంట్రీ ఫీజు, టికెట్లు, రూము, తిండి, బ్యాగు మోసే క్యాడీ కూలి మాత్రం సొంత జేబులోంచే పోతాయి. క్రికెటర్ సున్నాకి అవుటైనా మ్యాచ్ ఫీజు పడుతుంది. ఇక్కడ జీతం లేదు, భత్యం లేదు. వచ్చే వారం ఇంకో ఊరు, మళ్లీ ఫీజు. బోరు మీద బోరు వేసిన మన రైతుకైతే ఈ లెక్క విడమర్చి చెప్పనక్కర్లేదు.

ఇక బలిసినోళ్ల ఆట అనే మాట. 1991లో మన దేశపు పెద్ద గోల్ఫ్ టోర్నీ ఇండియన్ ఓపెన్ గెలిచిన అలీ షేర్ ఢిల్లీ గోల్ఫ్ క్లబ్‌లో క్యాడీగా పనిచేసినవాడు. 1993లో మళ్లీ గెలిచాడు. 2009లో అదే టోర్నీ గెలిచిన మునియప్ప కూడా బెంగళూరులో బ్యాగులు మోసినవాడే. ఎస్.ఎస్.పి. చౌరాసియా తండ్రి రాయల్ కలకత్తా గోల్ఫ్ క్లబ్‌లో గడ్డి చూసుకునే ఉద్యోగి.

చౌరాసియా కథ చూడండి. 1997లో ప్రొఫెషనల్ అయ్యాడు. 1999లో ఇండియన్ ఓపెన్‌లో రెండో స్థానం. 2006లో మళ్లీ రెండో స్థానం. 2013లోనూ అంతే. 2015లో గెలుపు ఖాయమనుకున్న టోర్నీని, స్కోర్లు సమమైతే ఆడే ప్లేఆఫ్‌లో లాహిరికి వదులుకున్నాడు. మనిషన్నవాడు అక్కడే కిట్టు అమ్మేసుకోవాలి. ఈయన 2016లో ఆ కప్పు గెలిచాడు, లాహిరిని వెనక్కి నెట్టి మరీ. 2017లో ఏడు స్ట్రోకుల తేడాతో ఇంకోసారి. మరి అన్నేళ్లు ఎలా నిలబడ్డాడంటే, 2008లో ఇండియన్ మాస్టర్స్ గెలిచాడు. దాంతో డబ్బుతో పాటు యూరప్ టూర్‌లో, అంటే అక్కడి ప్రొఫెషనల్ టోర్నీల్లో ఆడే అవకాశం కూడా వచ్చింది. ఆ ఒక్క వారం కలిసిరాకపోతే ఈ పేరు మనకు తెలిసేదా? నాకు అనుమానమే.

ఇలాంటివి చదివి "కష్టపడితే సాధించలేనిది లేదు" అని స్టేటస్‌లు పెడతారు చూడండి, అక్కడే నాకు కాలుతుంది. కష్టం సరే, వీళ్లందరికీ గేటు లోపల కాలు పెట్టే వీలుంది. టోక్యో ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం వచ్చిన అదితి అశోక్‌నే తీసుకోండి. ఐదేళ్లప్పుడు అమ్మానాన్నలతో టిఫిన్‌కు పోయే హోటల్ పక్కనే ప్రాక్టీస్ రేంజ్ కనిపిస్తే, ఆడతానని అడిగిందట. మన దేవరకొండ పిల్లకు, అచ్చంపేట పిల్లకు టిఫిన్ బండి పక్కన ఏం కనిపిస్తుంది? సాగర్ రోడ్డు మీద వెంచర్ల బోర్డులు. వాటి మీద మాత్రం గోల్ఫ్ ఆడే బొమ్మ తప్పకుండా ఉంటుంది.

మా మేనల్లుడు హైదరాబాద్ దగ్గర ఒక గోల్ఫ్ కోర్సులో, అంటే గోల్ఫ్ ఆడే మైదానంలో పనిచేస్తాడు. చీకటి ఉండగానే లేచి గ్రీన్ (హోల్ చుట్టూ నున్నగా ఉండే గడ్డి) మీద మంచు దులిపి, గడ్డిని మూడు మిల్లీమీటర్ల ఎత్తుకు కోస్తాడు. పాత హోల్ పూడ్చి, కట్టర్‌తో కొత్త చోట 108 మిల్లీమీటర్ల వెడల్పు హోల్ తీస్తాడు. "ఏ గ్రీన్ మీద బాల్ ఎటు మళ్లుతదో కళ్లు మూసుకొని చెప్తా మామా" అంటాడు. చెప్తాడు కూడా. కానీ క్లబ్ (బంతి కొట్టే కట్టె) పట్టుకొని ఒక్క బంతి కొట్టే పర్మిషన్ లేదు.

నల్లగొండలో గోల్ఫ్ కోర్సు కట్టమని నేను అడగట్లేదు. ఉదయసముద్రం నీళ్లు గడ్డికి పోయమనేంత పిచ్చి నాకు లేదు. జిల్లా స్టేడియంలో ఒక మూల వల కట్టి, నాలుగు మ్యాట్లు వేసి, పాత క్లబ్బులు పెడితే చాలు. ఒక కోచ్ వారానికోసారి వస్తే ఇంకా మేలు. అలాగే కోర్సులు మెయింటెనెన్స్ కోసం మూసేసే రోజున అక్కడి పనివాళ్లకు, వాళ్ల పిల్లలకు ఆడుకునే వీలివ్వాలి. కొన్ని కోర్సుల్లో క్యాడీలకు ఈ పద్ధతి ఎప్పటినుంచో ఉంది.

"22 ఏళ్లవాడు ఇప్పుడేం నేర్చుకుంటాడు" అని మా మేనల్లుడి గురించి మా బావే నవ్వాడు. అమెరికాలో కాల్విన్ పీట్ అనే ఆయన పొలాల్లో వలస కూలీల దగ్గరికి పోయి సరుకులు అమ్ముకునేవాడు. చిన్నప్పుడు విరిగిన ఎడమ మోచెయ్యి పూర్తిగా చాపలేడు. 23 ఏళ్లప్పుడు మొదటిసారి గోల్ఫ్ క్లబ్ పట్టి, అమెరికా పెద్ద ప్రొఫెషనల్ టోర్నీల వరుస పీజీఏ టూర్‌లో 12 టోర్నీలు గెలిచాడు. ఆయన మొదలుపెట్టింది డబ్బు కట్టి ఎవరైనా ఆడగలిగే పబ్లిక్ కోర్సులో. మావాడి కోర్సుకు సోమవారం సెలవు. ఆ ఒక్క పూట ఆడనివ్వమని వాడితో అర్జీ రాయించా, ఇంకా జవాబు లేదు.