ఫీజు కడితే తగ్గే తలనొప్పి

సెమిస్టర్ చివరికొచ్చింది. హాజరు చాలక పరీక్ష రాయనివ్వని వాళ్ల పేర్లతో కాలేజీ నోటీసు బోర్డులకు డిటెయిన్ జాబితాలు ఎక్కే వేళ ఇది. ఆ జాబితాల్లో బద్ధకస్తులుంటారు, క్రికెట్ పిచ్చోళ్లుంటారు. నెలకు నాలుగైదు రోజులు హాస్టల్ గది కిటికీకి దుప్పటి కట్టుకుని, వాంతులతో పడి ఉన్న మైగ్రేన్ రోగులూ ఉంటారు. అందరినీ ఒకే గాటన కట్టేస్తున్నారు.

మైగ్రేన్ అంటే బామ్ రాస్తే పోయే తలపోటు కాదు. మందు పడకపోతే 4 గంటల నుంచి 72 గంటల దాకా వదలదు. వెలుతురు, చప్పుడు భరించలేరు. కొందరికి ముందుగా కళ్లెదుట వంకరటింకర గీతలు మెరుస్తాయి. మగవాళ్లలో కంటే ఆడవాళ్లలో రెండు మూడు రెట్లు ఎక్కువ. నెలసరికి ముందు హార్మోన్ పడిపోవడం అందుకో కారణం. పొరుగున బెంగళూరులో, చుట్టుపక్కల పల్లెల్లో చేసిన సర్వేలో నలుగురు పెద్దల్లో ఒకరికి ఉన్నట్టు తేలింది. నిద్ర చెడితే, పూట తప్పితే, టెన్షన్ పెరిగితే నొప్పి లేస్తుంది. ల్యాబ్ రికార్డుల పేరుతో అర్ధరాత్రి దాకా మేలుకోబెట్టేదీ, టైమ్ దాటిందని మెస్ మూసేదీ, పొద్దున రాలేదని ఆబ్సెంట్ వేసేదీ ఆ కాలేజీయే!

ఇక ఫీజు సంగతి. జేఎన్‌టీయూ హైదరాబాద్ నిబంధన ప్రకారం 75 శాతం హాజరుండాలి. 65 దాకా తగ్గితే సరైన కారణం చూపి, ఫీజు కట్టి కండోనేషన్, అంటే హాజరు తగ్గినందుకు మన్నింపు, తెచ్చుకోవచ్చు. 65 కంటే దిగితే ఏ కారణమూ చెల్లదు. చాలాచోట్ల ఇదే తంతు. జబ్బు నిజమైతే ఫీజు దేనికి? అబద్ధమైతే ఫీజు కట్టగానే నిజమవుతుందా?

కారణానికి సర్టిఫికెట్ కావాలట. మైగ్రేన్ స్కాన్‌లో దొరకదు, లక్షణాలు విని డాక్టరే తేల్చాలి. తల పగిలిపోతున్న పిల్ల మిట్టమధ్యాహ్నం ఆటోలో ఆస్పత్రికి పోలేదు, అందుకే ఆమె దగ్గర కాగితం ఉండదు. మేనమామ పెళ్లికి వారం రోజులు వెళ్లొచ్చిన కుర్రాడి దగ్గర మాత్రం టైఫాయిడ్ కాగితం స్టాంపుతో సహా సిద్ధం. అదెలా వచ్చిందో ఆఫీసులో అందరికీ తెలుసు. అయినా ఫీజు తీసుకుంటారు, రశీదు ఇస్తారు.

హాజరు పోతుందన్న భయంతో పిల్లలు మాత్రలు మింగి క్లాసుకొస్తున్నారు. మామూలు నొప్పి మాత్రలైనా నెలకు 15 రోజులు, అలా మూడు నెలలకు మించి వాడితే ఆ మాత్రలే కొత్త తలనొప్పి తెస్తాయి. దానికీ మళ్లీ ఫీజేనా?

సడలిస్తే అందరికీ తలనొప్పులొస్తాయని యాజమాన్యాలు అంటాయి. కొందరికి వస్తాయి, కాదనం. ఇప్పుడు టైఫాయిడ్లు రావడం లేదా? కేరళ 2023లో నెలసరిని లెక్కలోకి తీసుకుని విద్యార్థినుల హాజరును 73 శాతానికి తగ్గించింది. కొంపలేమీ మునగలేదు.

క్యాంపస్ డాక్టర్ ఒకసారి నిర్ధారించి రాస్తే ఏడాదంతా చెల్లాలి. సెమిస్టర్ మధ్యలో పెట్టే మిడ్ పరీక్ష రోజే నొప్పి వస్తే ఆ పరీక్ష మళ్లీ పెట్టాలి. జబ్బు మీద ఫీజు ఎత్తేయాలి. రశీదు పుస్తకాలు అచ్చువేయించడానికి దొరికిన తీరిక, ఆ పిల్లల గురించి ఒక డాక్టర్‌ని అడగడానికి మన వైస్ చాన్సలర్లకు ఇన్నేళ్లలో ఒక్కరోజూ దొరకలేదా?