విగ్రహం సరే, ముందు ఫలకం సరిచూడండి
సర్వేపల్లి రాధాకృష్ణన్‌ను గురువుగానే కాక భారత్‌ను, సోవియట్ యూనియన్‌ను దగ్గర చేసిన రాయబారిగానూ తలుచుకోవాలని, తిరుపతి కూడలిలో ఆయన కంచు విగ్రహం పెట్టాలని ఒక వ్యాసంలో చదివాను. మొదటి మాట బాగుంది. కూడలిలో విగ్రహం అన్న దగ్గరే పేచీ. రోడ్లు, కాలిబాటల మీద విగ్రహాలకు అనుమతివ్వొద్దని సుప్రీంకోర్టు 2013 జనవరిలోనే రాష్ట్రాలకు చెప్పింది. అనుమతి చూసుకోకుండా పోత పోయిస్తే విగ్రహానికి ముసుగు తీసే రోజే రాదు. ఏదైనా కాలేజీ ఆవరణలో, వాళ్ల రాతపూర్వక అంగీకారంతో పెట్టుకోవడం నయం. ఇక ఆ వ్యాసంలో రాసినట్టు ఫలకం మీద ‘మాస్కోలో మన తొలి రాయబారి’ అని చెక్కించేరు, జాగ్రత్త! తొలి రాయబారి విజయలక్ష్మీ పండిట్. రాధాకృష్ణన్ 1949లో వెళ్లి 1952 దాకా ఉన్నారు. 1971 భారత్-సోవియట్ మైత్రీ ఒప్పందాన్నీ ఆయన ఖాతాలో వేయొద్దు; స్టాలిన్‌తో ముఖాముఖి మాట్లాడి వచ్చారన్నది చాలదా? ఆయన సొంతూరు తిరుత్తణి 1960 దాకా మన చిత్తూరు జిల్లాలోదే, చిన్నప్పటి చదువు కొంత తిరుపతిలోనే, ఆ ముక్క వేయండి. అక్షరాలు నల్ల గ్రానైట్‌లో లోతుగా దిగాలి. పైపైన గీసి రంగు నింపితే మన ఎండకు వెలిసిపోతాయి. నా ఓటు మాత్రం ఎస్వీ యూనివర్సిటీలో ఆయన పేరిట ఏటా ఇచ్చే పతకానికి. 5 లక్షలు ఫిక్స్‌డ్ డిపాజిట్ చేస్తే, 6.5 శాతం వడ్డీ లెక్కన ఏడాదికి 32,500. అందులో 25 వేలు ఖర్చుపెట్టి మిగతాది అసలులో కలపాలి. వడ్డీ మొత్తం ఏటికేడు పంచేస్తే, ధరలు పెరిగేకొద్దీ ఆ డబ్బు పతకం పూతకు కూడా చాలదు.