ఊరు దాటని ‘ప్రవాసి’, ఊరే లేని ప్రవాసి

2019లో జర్మన్ ఛాన్సలర్ మెర్కెల్ ఆఫీసు గోడ మీంచి చిత్రకారుడు ఎమిల్ నోల్డే బొమ్మలు రెండు దిగిపోయాయి, మళ్లీ ఎక్కలేదు. ఎందుకో తెలిసిందే. నాజీలు వేధించిన కళాకారుడంటూ దశాబ్దాలుగా నెత్తిన పెట్టుకున్న మనిషి స్వయంగా నాజీ పార్టీ సభ్యుడు. నన్ను తొలిచే ప్రశ్న మాత్రం వేరే. స్వదేశంలోనే ప్రవాసం గడిపాడన్న పేరు ఆయనకు ఎలా దక్కింది?

దెబ్బ తగిలింది నిజమే. 1937లో ఆధునిక కళను ఎగతాళి చేయడానికి నాజీలు మ్యూనిక్‌లో పెట్టిన ‘భ్రష్ట కళ’ ప్రదర్శనలో ఆయన తొమ్మిది పలకల ‘క్రీస్తు జీవితం’ను నవ్వులపాలు చేశారు. మ్యూజియంల నుంచి వెయ్యికి పైగా బొమ్మలు పట్టుకుపోయారు. 1941లో అమ్మకాలు, ప్రదర్శనలు బంద్. కానీ ఉత్తర జర్మనీలోని సేబ్యూల్‌లో ఇల్లూ, పూలతోటా, రంగుల డబ్బాలూ ఆయనకే ఉన్నాయి. సాటి చిత్రకారుడు పెక్‌స్టైన్ యూదుడని 1933లో అధికారులకు చాడీ చెప్పింది ఈయనే (పెక్‌స్టైన్ యూదుడే కాదు!). 1938లో తన బొమ్మలు తిరిగివ్వమంటూ నాజీ ప్రచార మంత్రి గోబెల్స్‌కు ఉత్తరం రాసిందీ ఈయనే. తాను మొదటి నుంచీ మీవాడినేనని ఆ బాధ.

బొమ్మ వేరు, మనిషి వేరు అంటారు కొందరు. 1909 నాటి ‘చివరి విందు’ ముందు నిలబడితే నేనూ కాదనలేను. క్రీస్తు ముఖంలో ఆ పసుపు మంట లాంటిది మరొకరు వేయలేరు. బొమ్మ ఉండనీ. పక్కన తగిలించిన కథతోనే నా పేచీ.

ఎందుకంటే అదే ‘భ్రష్ట కళ’ ప్రదర్శనలో యూదు చిత్రకారుడు లుడ్విగ్ మైడ్నర్ బొమ్మ కూడా వేలాడింది. మొదటి ప్రపంచయుద్ధానికి ముందే, 1912–13లో, కూలిపోతున్న నగరాలను వేసినవాడు. తర్వాత భక్తిలోకి మళ్లి ప్రవక్తలనూ, ప్రార్థించే యూదులనూ గీశాడు. కొలోన్‌లో యూదు పిల్లల బడిలో డ్రాయింగ్ మాస్టారుగా చేశాడు. 1939 ఆగస్టులో భార్య ఎల్జెతో ఇంగ్లండ్‌కు పారిపోయాడు. అక్కడేం జరిగింది? 1940లో ‘శత్రుదేశస్థుడు’ అని శిబిరంలో పడేశారు! బయటికొచ్చాక లండన్‌లో శవాలకు కాపలా కాశాడు. తానూ చిత్రకారిణే అయిన ఎల్జె ఇళ్లలో పనిమనిషిగా చేరింది. ఆ దరిద్రంలోనే 1942–45 మధ్య, పోలండ్‌లో తనవాళ్లను చంపుతున్న వార్తలు వింటూ బొగ్గుతో, నీటిరంగులతో ఆ చావులు గీశాడు. కొనేవాడు లేడు.

యుద్ధం తర్వాత జర్మనీకి ఒక మంచి జర్మన్ బాధితుడు కావలసి వచ్చాడు. యూదుడైతే నేరం గుర్తొస్తుంది, నోల్డే అయితే గుర్తురాదు. ఆత్మకథ కొత్త ముద్రణల్లో యూదు ద్వేషం ఉన్న చోట్లు జారిపోయాయి. ఆయన పేరిట నడిచే ఫౌండేషన్ కాగితాలు స్వేచ్ఛగా చూడనిచ్చింది ఇటీవలే. నా పాత పాట ఇదే: చనిపోయిన కళాకారుడి బీరువా తాళం అభిమానుల చేతిలో ఉన్నంతకాలం మనకు అందేది చరిత్ర కాదు, శతజయంతి సంచిక. ఇది జర్మనీకే పరిమితమని నేననుకోను.

మైడ్నర్ బీరువాకు కాపలా ఎవరున్నారు? 1953లో ఒంటరిగా జర్మనీకి తిరిగెళ్లాడు. అప్పటికి అరవై తొమ్మిదేళ్లు. ఎల్జె రానంది, లండన్‌లోనే ఉండిపోయింది.